ఎడమచేతి గిటార్

మేమిద్దరం గిటార్లు చేసేవాళ్లం. ఇద్దరికీ గిటార్ వాయించడం రాదు. ఈ మాట చెప్తే వచ్చినవాళ్లు నవ్వేసి, వినయం కొద్దీ అంటున్నాననుకునేవారు. వినయమూ లేదు, గినయమూ లేదు. తీగలు బిగించడం వచ్చు, శ్రుతి చెయ్యడం వచ్చు, ఒక్కో తీగా మీటి అది పలుకుతోందో మూలుగుతోందో చెప్పడం వచ్చు. ఒళ్లో పెట్టుకుని పాట వాయించమంటే మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. పడవలు కట్టేవాళ్లందరికీ వేట వచ్చా ఏమిటి అని నేను సమర్థించుకునేదాన్ని. ఆ సమర్థింపు ఒక్క రోజు మాత్రం పనికిరాలేదు. ఇప్పుడు ఉలి పక్కన పెట్టేశాను. మీలో చెక్కపనిలోకి వస్తున్న పిల్లలెవరైనా ఉంటే, ఆ రోజు సంగతి మీకు చెప్పాలనిపించింది.

మా షెడ్డు పోర్ట్ బ్లెయిర్ పక్కన ఆస్టినాబాద్‌లో ఉండేది. నేనూ, దాదా. దాదా బెంగాలీ మనిషి, నాకంటే బాగా పెద్ద. అయినా నన్ను 'దీదీ' అనేవాడు. నేను ఆయన్ని 'దాదా' అనేదాన్ని. అక్కా అన్నా అన్నమాట, అంటే ఒకరికొకరం పెద్దవాళ్లమే, అందుకే మా దెబ్బలాటలు ఓ పట్టాన తెగేవి కావు. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడికొచ్చి చేపల పడవలు కట్టాడు. ఆయన పక్కన మేకులు అందిస్తూ చెక్క నేర్చుకున్నాను. తర్వాత ఒక ఫర్నిచర్ కార్ఖానాలో పాలిష్ పనిలో చేరాను. దాదా అక్కడ సోఫా కాళ్లకి పువ్వులు చెక్కేవాడు. కార్ఖానా మూతపడ్డాక ఎవరో మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన సంగీతం మనిషి పగిలిన గిటార్ ఒకటి రిపేరుకిచ్చాడు. దాని వీపు ఊడదీసి లోపలికి చూశాం. ఇద్దరం సాయంత్రం దాకా షెడ్డులోంచి కదల్లేదు. ఆ తర్వాత మళ్లీ సోఫా కాళ్ల జోలికి పోలేదు.

మామూలు గిటార్‌కి ముఖం బల్లపరుపుగా ఉంటుంది. మేం చేసేవాటికి అలా కాదు. దళసరి పలకని లోపలా బయటా చెక్కి వయొలిన్‌కి లాగ ఉబ్బెత్తుగా తేవాలి. బోర్లించిన పడవలా ఉంటుంది. తీగలు ఆనే బ్రిడ్జిని జిగురుతో అంటించం, తీగల బరువే దాన్ని ఆ ఉబ్బు మీద అదిమి పెడుతుంది. ఆ బరువుకి ముఖం కుంగకుండా లోపల నిలువునా రెండు చెక్క బద్దీలు అంటిస్తాం. లావు తీగలు వచ్చే వైపు బద్దీ బలంగా, సన్న తీగల వైపుది కాస్త పల్చగా. ఇంతవరకు గుర్తుంటే చాలు. ముఖమూ వీపూ బద్దీలూ దాదా పని. మెడ, తీగలు కూర్చునే ఎముక ముక్క, బ్రిడ్జి, పాలిష్, చివరికి దాన్ని పెట్టే పెట్టె నా పని.

ఆ రోజు సంగతంతా ఒక అమ్మాయి గురించి. ఆమెది మా పక్కనే బ్రూక్షాబాద్. తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధనకి గిటార్ వాయించేది. ముప్పైకి అటూ ఇటూ వయసు, ఎడమచేతి వాటం. వండూర్‌లో బీచి పక్కన ఒక రిసార్ట్ ఉంది. అక్కడ సాయంత్రాలు సీజనంతా వాయించేందుకు మనిషి కావాలంటే వెళ్లింది. అక్కడ మైకులూ స్పీకర్లూ పెట్టరు. ఈమె పాత గిటార్ గొంతు అలల్లో కలిసిపోయింది. రెండో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే వినపడలేదట. మేనేజరు మంచివాడు, వాయింపు బాగుంది కానీ వినపడాలి కదా, గట్టిగా పలికే గిటార్ దొరికితే ఇంకోసారి రా, ఆ ఒక్కసారే అన్నాడు. మేం చేసే రకానికి పుట్టుకే అందుకు. మైకులు లేని రోజుల్లో బాజాల మధ్య వినపడాలని పుట్టిన గిటార్ ఇది. అందుకే మా దగ్గరికొచ్చింది.

పాత గిటార్ కూడా పట్టుకొచ్చింది, కొలతలకి. చెమ్మకి మెడ అతుకు విడిపోయి ఉంది. బిగిస్తే పూర్తిగా ఊడొస్తుందని తీగలు తనే విప్పేసిందట. ఒట్టి డొక్క. దాన్ని బల్ల మీద పెట్టింది, మెడ కుడివైపుకి. పెట్టి, ఒక క్షణం ఆగి, దాన్ని చుట్టూ తిప్పి మెడ ఎడమవైపుకి వచ్చేలా పెట్టింది.

"ఏటమ్మా అలా తిప్పావు?" అన్నాను.

"అలవాటు ఆంటీ," అని నవ్వేసింది.

మేం ఆమె చెయ్యి కొలిచాం. బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, మణికట్టు ఎంత వంగుతుందో, భుజం ఎత్తెంతో, కూర్చున్నప్పుడు మోకాలు ఎక్కడుంటుందో అన్నీ చూశాం. చర్చికి వెళ్లి వెనక బెంచీలో కూర్చుని విన్నాం కూడా. దాదా హిందువు, కీర్తనలకి లేచి నిలబడాలని తెలీదు, నేను మోచేత్తో పొడిచి లేపాను. ఆ రోజు ఆమె వాయించింది ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న గిటార్. దాదా ఆమె ఎడంచెయ్యి తీగల మీద ఎంత బలంగా పడుతోందో చూశాడు. నేను కుడిచెయ్యి మెడని ఎలా పట్టుకుంటోందో చూశాను. పైన ఉన్నది ఏ తీగ, కింద ఉన్నది ఏ తీగ అని ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు. వాయించేవాళ్లయితే అదే ముందు చూసి ఉండేవాళ్లు. మాకు చెక్క కనపడింది, చెయ్యి కనపడింది, అంతే.

షెడ్డుకొచ్చాక పాత గిటార్ మెడ చివరనున్న ఎముక ముక్కని కొలత కోసం ఊడదీశాను. దీన్ని నట్టు అంటాం. ఆరు తీగలకీ ఆరు గాట్లు ఉంటాయి. లావు తీగకి లావు గాటు, సన్నదానికి సన్న గాటు. ఎడమచేతి వాళ్లకి అవి తిరగేసి ఉండాలి. ఇందులో అలా లేవు, కుడిచేతి వాళ్లకున్నట్టే ఉన్నాయి.

దాదా అది వెలుగులో పట్టుకుని చూసి, "దేఖో దీదీ, నట్ భీ ఉల్టా. బేచారీ," అన్నాడు.

పాపం, ఇన్నాళ్లూ కుడిచేతి సామానుతో నెట్టుకొచ్చిందని నేనూ నిట్టూర్చాను. ఇప్పటికైనా ఈ పిల్లకి దేవుడిచ్చిన చేతికి తగ్గట్టు సక్రమంగా చేసివ్వాలని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. చెయ్యి కొలత తీసుకున్నాం గానీ చెయ్యి అలవాటు అడగలేదు. జాలి పడ్డవాళ్లం ప్రశ్నలెందుకు అడుగుతాం? పాత నట్టు చెక్కపొట్టులో పడేశాను.

మేం చేసింది సిసలైన ఎడమచేతి గిటార్. అద్దంలో చూసినట్టు అన్నీ ఇటువి అటు. మెడ పక్కన వేళ్లు కిందికి దిగడానికి వదిలే వంపు అటు, బలమైన బద్దీ అటు, నట్టు అటు, బ్రిడ్జి అటు. ముఖానికి ఓడలో తెప్పించిన తెల్లచెక్క, వీపుకీ పక్కలకీ మన దీవుల ఎర్ర పడౌక్ చెక్క. పెట్టె కూడా ఎడమచేతిదే కట్టాను. పిడి మనవైపు ఉంచి మూత తీస్తే మెడ కుడివైపుకి ఉంటుంది. తీసింది తీసినట్టే ఆమె ఒళ్లోకి రావాలని నా ఆలోచన. తీగలు బిగించకముందు ఒకసారి వచ్చి ఒళ్లో పెట్టుకుని చూసింది. "నా కోసమే పుట్టినట్టుంది ఆంటీ," అంది. ఆ తర్వాత వానలు. పాలిష్ ఆరదు, ముట్టుకుంటే వేలిముద్ర పడుతుంది. ఆరి, తీగలు బిగించేసరికి ఆమె వండూర్ వెళ్లాల్సిన రోజు ముందు రోజయింది.

ఇంకో సంగతి చెప్పాలి. వాళ్ల నాన్న ఎక్కడో దక్షిణాన చివరి దీవిలో, క్యాంప్‌బెల్ బేలో, ఒక కాంట్రాక్టరు ఆఫీసులో ఆమెకి పని మాట్లాడేశాడు. ఓడ టికెట్ కూడా తీసేశాడు. వండూర్‌లో కుదరకపోతే మర్నాడు ఓడ ఎక్కాలి. అంత దూరం వెళ్లాక చర్చి లేదు, గిటార్ లేదు, ఆఫీసు బల్లే. ఆమె నాన్నని తప్పుపట్టను, ఆయన ఎన్నాళ్లు చూస్తాడు?

వండూర్ వెళ్లాల్సిన రోజు పొద్దున్న వానలోనే వచ్చింది. దాదా సమోసాలు తెప్పించాడు. ఎప్పుడూ లేనిది చొక్కా కూడా ఇస్త్రీది వేసుకున్నాడు. నేను పెట్టె మూత తీశాను. ఆమె కాసేపు ముట్టుకోలేదు. తర్వాత తీసి ఒళ్లో పెట్టుకుంది, కుడిచెయ్యి మెడ మీదకి వెళ్లింది, ఎడంచెయ్యి తీగల మీద పడింది.

గిన్నెల అలమర ఒరిగిపోయినట్టు మోగింది.

శ్రుతి తప్పిందేమో అనుకుని నేను ముందుకొచ్చాను. ఆమె కిందికి వంగి తీగలు చూసింది.

"ఆంటీ, తార్లు ఉల్టా ఉన్నాయేటి?"

"ఉల్టా కాదమ్మా, నీకు సీదాగా వేశాం. లావుది పైన, సన్నది కింద. ఎడమచేతి వాళ్లకి అలాగే కదా ఉండాలి?"

"నాకు సన్న తార్ పైనుండాలి ఆంటీ. చిన్నప్పటి నుంచీ అలాగే వాయించాను. నాకింకోలా రాదు."

అప్పుడు చెప్పింది. ఆ పాత గిటార్ వాళ్ల అన్నయ్యది. ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పనికి వెళ్లగానే మంచం మీంచి తీసి, ఎడమచేతికి అనువుగా తిరగేసి పట్టుకుని వాయించేది. తిరగేస్తే లావు తీగ కిందికీ సన్నది పైకీ పోతాయి. తీగలు విప్పి మార్చుకుంటే అన్నయ్యకి తెలిసిపోతుంది. అందుకని తీగల జోలికి పోకుండా వేళ్లకే ఆ తిరగేసిన దారి నేర్పింది. ఆయన వచ్చేసరికి మంచం మీద ఎలా ఉన్నదో అలాగే, మెడ ఎడమవైపుకి ఉండేలా పెట్టేసేది. ఇప్పుడు ఆయన ఓడ ఉద్యోగంలో ఎక్కడో ఉన్నాడు, గిటార్ సంగతి మర్చిపోయి కూడా ఉంటాడు. కానీ ఆమె వేళ్లు మర్చిపోతాయా?

"ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాను. గొంతు నాకే కటువుగా వినపడింది.

"అందరూ ఉల్టా వాయిస్తావని నవ్వుతారు ఆంటీ. మీరు చర్చికొచ్చి చూశారు కదా, తెలిసిపోయుంటాది అనుకున్నాను. మళ్లీ నా నోటితో ఏటి చెప్పడమని..."

దాదా సమోసా కిందపెట్టాడు. ఆయనకి తెలుగు అంతా అర్థమవుతుంది, కోపం వచ్చినప్పుడు మాత్రం నోటికి రాదు.

"ఆజ్ హీ హై క్యా? ఆజ్ శామ్ కో?" అన్నాడు.

"అవును దాదా, ఈ సాయంత్రమే."

తీగలు ఇటువి అటు మార్చేస్తే సరిపోతుంది కదా అని మీకనిపిస్తుంది. నాకూ ముందు అదే అనిపించింది. దాదా తల అడ్డంగా ఊపాడు.

"పత్లీ పట్టీ ఉస్ తరఫ్ హై దీదీ. మోటా తార్ ఉధర్ జాయేగా తో ఆవాజ్ మర్ జాయేగీ. ఫిర్ సముందర్ కే సామ్‌నే క్యా సునాయీ దేగా?"

లోపలి బద్దీ సంగతి. లావు తీగలు పల్చటి బద్దీ ఉన్న వైపుకి వస్తే గొంతు చచ్చిపోతుంది, సముద్రం ముందు ఏం వినపడుతుందని ఆయన భయం. సరిచెయ్యాలంటే వీపు ఊడదీసి బద్దీలు మార్చాలి, మళ్లీ జిగురు, మళ్లీ పాలిష్. ఈ వానల్లో వారాల పని. పోనీ ఎవరిదైనా మామూలు గిటార్ తెచ్చుకుని తిరగేసి వాయిస్తే? అలాంటి గిటార్ గొంతు అలల్లో మునిగిపోయే కదా మా దగ్గరికొచ్చింది. వేళ్లకి తగ్గట్టు మారిస్తే గొంతు పోతుంది, గొంతు ఉంచుకుంటే వేళ్లు పనికిరావు. ఇద్దరం ఆమె వైపు చూడకుండా గిటార్ వైపే చూస్తూ నిలబడ్డాం.

"నేనిలాగే ట్రై చేస్తాను, సాయంత్రం దాకా టైముంది కదా," అంది ఆమె. కూర్చుంది. చర్చిలో కళ్లు మూసుకుని వాయించే కీర్తన ఒకటి ఎత్తుకుంది. ఒక్కో వేలూ ఎక్కడికో వెళ్లి, తప్పు తెలుసుకుని వెనక్కొచ్చి, మళ్లీ ఎక్కడికో వెళ్లింది. చూడలేకపోయాను. ఇరవయ్యేళ్లు రాసిన చెయ్యి పలక మీద గీతలు దిద్దుతున్నట్టుంది. కాసేపటికి గిటార్‌ని బల్ల మీద నెమ్మదిగా పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పెట్టేటప్పుడు కూడా దాన్ని తిప్పి మెడ ఎడమవైపుకే పెట్టింది.

అది చూశాక నేను ఇంక ఆగలేదు. తీగలు వదులు చెయ్యడం మొదలుపెట్టాను.

"దీదీ!" దాదా నా చెయ్యి పట్టుకున్నాడు. "మేరా నామ్ ఖరాబ్ హోగా."

"నీ పేరు రేపు చూసుకుందాం దాదా. రేపు ఆమె ఓడ ఎక్కితే ఈ పెట్టెలో పెట్టి పూజ చేసుకుంటావా దీన్ని?"

ఆయన చెయ్యి వదిలాడు. బయటికెళ్లి వాన చూస్తూ నిలబడ్డాడు. అంత కోపంగా ఆయన్ని అంతకు ముందు చూడలేదు. నాకు భయం వేసింది. కోపానికి కాదు, ఆయన చెప్పింది నిజమేనని నాకు తెలుసు కాబట్టి.

బ్రిడ్జి పై ముక్క తిరగేసి చెక్కడం నా చేతిలో పనే. నట్టు అలా కాదు. ఎముకని ఉడకబెట్టి, ఎండబెట్టి, కోసి, ఆకురాయితో అరగదీసి గాట్లు పెట్టాలి. ఎండిన ఎముక షెడ్డులో ఇంకో ముక్క లేదు, ఉన్నది ఈ గిటార్‌కే వాడేశాను. చెక్కతో చేస్తే సన్న తీగ దాన్ని కోసుకుని కిందికి దిగిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది పాత నట్టు. గాట్లు సరిగ్గా ఆమెకి కావలసినట్టే ఉన్నాయి. కొత్త మెడ వెడల్పు పాతదాని కొలతే. కూర్చుంటుంది. కానీ అది చెక్కపొట్టులో పోయింది, చెక్కపొట్టు మొత్తం గోనెసంచికెత్తి పక్కింటావిడకి ఇచ్చేశాను, కోళ్లగూట్లో పరుచుకోవడానికి.

వానలో పక్కింటికి పరిగెత్తాను. నా వెనకే ఆ అమ్మాయి. పక్కింటావిడ మమ్మల్ని చూసి ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంది. నేను చెప్పింది విని, "గిటార్ ముక్క మా కోళ్లకేల పెట్టేరు?" అంది. నవ్వే ఓపిక లేదు. గూడు ముందు వంగి చెక్కపొట్టు దోసిళ్లతో తీసి చూడటం మొదలుపెట్టాం. పడౌక్ పొట్టు తడిస్తే చేతులు ఎర్రగా అయిపోతాయి. కోళ్లు నెత్తి మీదకి ఎగురుతున్నాయి. చాలాసేపు వెతికాం. వేళ్లకి ఏదో గట్టిగా తగిలినప్పుడల్లా గబగబా తీసి చూసేవాళ్లం. కాదు, మేకు. కాదు, గవ్వ పెంకు. అమ్మాయి ఏడవడం ఎప్పుడో మానేసింది, పళ్లు బిగించి వెతుకుతోంది.

అంతలో గూటి వెనకనుంచి దాదా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, మోకాళ్ల దాకా కోళ్ల పెంట. మాకు తెలీకుండా అటువైపు నుంచి ఆయనా వెతుకుతున్నాడు. అరచెయ్యి తెరిచాడు. నట్టు.

"బేచారీ కా నట్," అన్నాడు. తెలుగు ఇంకా తిరిగి రాలేదు, కానీ గొంతు మారింది.

కడిగి కూర్చోబెడితే వెడల్పు సరిపోయింది, ఎత్తు వెంట్రుకవాసి తక్కువ. దాదా నన్నడక్కుండానే చిన్న రందా తీసుకుని పడౌక్ ముక్క మీంచి ఉల్లిపొర లాంటి పొర ఒకటి లేపి ఇచ్చాడు. అది కింద పరిచి నట్టు కూర్చోబెట్టాను. బ్రిడ్జి ముక్క చెక్కేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. అన్నం ఎవరూ తినలేదు.

తర్వాత తీగలు. ఒక్క జత ఉంది మా దగ్గర. పోర్ట్ బ్లెయిర్ దుకాణాల్లో దొరికే పల్చటి తీగలు ఈ ముఖాన్ని కదపలేవు. ఒకసారి మెడ చివర తీగ బిగించే మరకి చుట్టి మెలిపెట్టిన తీగని విప్పి ఇంకో మరకి చుడితే, ఆ మడత దగ్గర తెగే ప్రమాదం ఉంది. లావువి తట్టుకుంటాయి. భయమంతా అన్నిటికంటే సన్నదానితో. అయిదు తీగలూ ఎక్కాయి. ఆరోది నెమ్మదిగా తిప్పుతుంటే మడత దగ్గర చిన్నగా కిర్రుమంది. ఆగాను. ఆ అమ్మాయి నా చేతి మీద చెయ్యి వేసి, "నేను తిప్పుతాను ఆంటీ. తెగితే నా చేతిలోనే తెగనీయండి," అంది.

తిప్పింది. శ్రుతికి వచ్చేదాకా తిప్పింది. తెగలేదు.

ఒక్కసారి వాయించి చూడమన్నాను. వద్దంది. ఇక్కడ చచ్చిన గొంతు వింటే అక్కడిదాకా వెళ్లలేనంది. ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం, పెట్టె మా మోకాళ్ల మీద అడ్డంగా. వండూర్ దాకా దాదా అరచెయ్యి పెట్టె మీద పెట్టి ఉంచాడు, జ్వరం చూస్తున్నట్టు.

మేం చేరేసరికి వాన తెరిపి ఇచ్చింది, సముద్రం మాత్రం బాగా పోటు మీదుంది. అలలు విరిగిన చప్పుడుకి మేం మాట్లాడుకునేది మాకే వినపడటం లేదు. మేనేజరు కొబ్బరిచెట్ల కింద చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు, కావాలనే అంత దూరంలో. మేం ఆయన వెనక నిలబడ్డాం. ఆమె స్టూలు మీద కూర్చుని పెట్టె తెరిచింది. మా నాన్న కట్టిన పడవ మొదటిసారి నీళ్లలోకి తోసినప్పుడు కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు.

మొదలుపెట్టింది. అదే కీర్తన, పొద్దున్న వేళ్లు తప్పిపోయిన కీర్తన. కళ్లు మూసుకుంది. సన్న తీగలు అలల మీంచి తేలుతూ మా దాకా వచ్చాయి, ఒక్కొక్కటీ విడివిడిగా, తేటగా. బలమైన బద్దీ వాటి కింద పడింది కదా, మేం చేసిన ఏ గిటార్‌లోనూ సన్న తీగలు అంత గట్టిగా పలకలేదు. లావు తీగలు మాత్రం పొడిగా ఉన్నాయి. దాదా చెప్పిందే నిజం. కానీ సముద్రం ఎలాగూ లావు గొంతుతోనే మొత్తుకుంటుంది, ఆ లోటు అక్కడ ఎవరికీ తెలీలేదు, ఒక్క మనిషికి తప్ప.

"మోటా తార్ సూఖా హై," అన్నాడు దాదా నా చెవిలో. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఊరుకో దాదా," అన్నాను. నా కళ్లదీ అదే పరిస్థితి.

మేనేజరు లేచి ఆమె దగ్గరికి నడిచాడు. ఏమన్నాడో అలల్లో వినపడలేదు. ఆమె తల పైకీ కిందికీ ఊగింది. ఆయన చెయ్యి కలిపాడు. ఈమె ఎడంచెయ్యి చాచి, సర్దుకుని, కుడిచెయ్యి ఇచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది. ఓడ టికెట్ వాళ్ల నాన్న వాపసు ఇచ్చుకోవాల్సిందే.

ఆ తర్వాత మేం ఇంకా చాలా గిటార్లు చేశాం. ఎవరొచ్చినా చెయ్యి కొలవకముందు ఏదో ఒక గిటార్ చేతికిచ్చి, వాయించమని, తీగల వంక చూసేవాళ్లం. దాదా ఆ పొడి తీగల సంగతి మర్చిపోలేదు. వీపు ఊడదీసి బద్దీలు మార్చిస్తానని ఆమెని ఎన్నిసార్లు అడిగాడో. ఆమె ఒప్పుకోలేదు, ఆయన ఊరుకోలేదు.

ఆ సాయంత్రం చివరి సంగతి ఒకటి మిగిలింది. మేం దగ్గరికి వెళ్లేసరికి ఆమె పెట్టె పిడి తనవైపుకి పెట్టుకుని, మూత తెరిచి, గిటార్ పెట్టబోతోంది. ఎప్పటి అలవాటే, దాన్ని చుట్టూ తిప్పి మెడ ఎడమవైపుకి తెచ్చింది. మెడ వెళ్లి పెట్టె అంచుకి తగిలింది. అటు చోటు లేదు. మళ్లీ పెట్టబోయింది, మళ్లీ తగిలింది. అప్పుడు పెట్టె లోపలి వంపు వంక చూసింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిప్పి, తను వాయించే వైపుగానే పెట్టెలో పడుకోబెట్టింది. సరిగ్గా కూర్చుంది.

"ఇది ఎవరికీ తెలీకుండా పెట్టక్కర్లేదు కదా ఆంటీ," అంది.

"అక్కర్లేదమ్మా," అన్నాను. "మూత గట్టిగా వెయ్యి, చప్పుడైనా పర్లేదు."